విమానం చక్రాన్ని ఇనుముతో ఎందుకు చెయ్యరు?

పిల్లలూ!

మా వీధి చివర ఇంట్లో ఏడో తరగతి చదివే కుర్రవాడు ఒకడున్నాడు. వాడు ప్రశ్నల పుట్ట. పోయిన ఆదివారం పొద్దున్నే సైకిలు మీద వచ్చాడు. సైకిలును మా అరుగుకు ఆనించి, కూర్చోకుండానే అడిగాడు:

"మామయ్యా! మా తాతయ్యగారి ఊళ్ళో బండి చక్రాలకు ఇనప పట్టా వేసేవారట. అది ఎన్నేళ్ళయినా చెక్కుచెదరదని తాతయ్య చెబుతాడు. మరి చిన్న విమానాల చక్రాలను అల్యూమినియంతో చేస్తారని పుస్తకంలో చదివాను. మా అమ్మ చేతిలోంచి సత్తు గిన్నె జారి పడితేనే సొట్ట పడుతుంది గదా! అంత విమానం ఆకాశంలోంచి దిగితే సత్తు చక్రం గతి ఏమిటి? హాయిగా ఇనుముతో చెయ్యకూడదూ? ఇనుము పగలదు గదా?"

ప్రశ్న బాగుంది. వాడికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను. ఆ జవాబు చివరికి మేము అనుకోని చోటికి వచ్చి ఆగింది. అదేమిటో మీరే చూస్తారు.

"ముందు ఏ విమానం మాటో తేల్చుకుందాం," అన్నాను. "వందల మందిని మోసే జెట్ విమానాల సంగతి వేరు. చిన్న విమానాల్లో సెస్నా 172 అని ఒకటున్నది. అందులో నలుగురు కూర్చోవచ్చు. ముందు ఒక ఇంజను, దానికి ఒక ప్రొపెల్లరు, అంతే. అమెరికావాళ్ళు చేసిన ఈ విమానం మొదటిసారి 1955లో ఎగిరింది. ఇప్పటికి 44,000కు పైగా తయారయాయి. లోకంలో ఇంకే రకం విమానమూ ఇన్ని తయారు కాలేదు. మన దేశంలో కూడా విమానం నడపటం దీనిమీద నేర్చుకునేవాళ్ళున్నారు.

"దీనికి ముక్కు కింద ఒక చక్రం, వెనక రెండు చక్రాలు. మనుషులు, పెట్రోలు, సామానూ కలిసి మొత్తం బరువు సుమారు 1,100 కిలోలు. మరి వెనక చక్రాల్లో టైరు కూర్చునే లోహపు రిమ్ము ఎంతుంటుందో చెప్పు."

వాడు తన సైకిలు చక్రం కేసి చూసి, రెండు చేతులూ బారగా చాచాడు.

"కాదు. ఆరు అంగుళాలు. నీ జానకన్నా తక్కువ!" అన్నాను. "టైరుతో కలిపి కొలిచినా అడుగున్నర ఎత్తు ఉండదు."

వాడు నమ్మలేదు. మీరూ నమ్మరేమో! కాని చక్రం పెద్దదయిన కొద్దీ బరువు పెరుగుతుంది, గాలి దాన్ని వెనక్కు లాగుతుంది. అంచేత విమానానికి చక్రం ఎంత చిన్నదైతే అంత మంచిది.

అసలు విమానానికి మొదట్లో చక్రాలే లేవు. 1903లో రైటు సోదరులు ఎగిరించిన విమానం ఒక పట్టా మీదుగా జారి పైకి లేచింది. దిగేటప్పుడు స్లెడ్జి బండివలె కర్ర బద్దల మీద ఇసుకలో జారి ఆగింది. తరవాత వచ్చినవాళ్ళు సైకిలు చక్రాల వంటివి తగిలించారు. ఫ్రాన్సు దేశపు లూయీ బ్లేరియో 1909 జులై 25న ఇంగ్లీషు కాలువను సుమారు 37 నిమిషాల్లో దాటినప్పుడు ఆయన విమానానికి ఉన్నవి స్పోకుల చక్రాలే. సముద్రం దాటటం బాగానే దాటాడు గాని, నేలమీద దిగటం మాత్రం గట్టిగా దిగాడు. చక్రాల చట్రమూ, ప్రొపెల్లరూ దెబ్బ తిన్నాయి. ఎగరటం ఎంత కష్టమో, దిగటం కూడా అంత కష్టమే అన్నమాట.

సైకిలు చక్రం నిలువుగా పడే బరువును బాగా మోస్తుంది. పక్కనుంచి తోస్తే వంకర పోతుంది. విమానం దిగేటప్పుడు అడ్డగాలి వీస్తే చక్రాన్ని పక్కకు తోస్తుంది. పైగా విమానాల బరువు పెరిగింది, బ్రేకులు వచ్చాయి. అంచేత స్పోకులు పోయి, చిన్నవిగా, బలంగా ఉండే లోహపు రిమ్ములు వచ్చాయి.

"సరే, ఆ రిమ్ము ఏమేం పనులు చెయ్యాలో చూద్దాం," అన్నాను. "మొదటిది, బరువు మొయ్యటం. ఇది అందరికీ తెలిసిందే. రెండో పని చాలామందికి తట్టదు. విమానం గాలిలో పోతున్నప్పుడు చక్రం తిరగదు. నేలను తాకిన మరుక్షణంలో అది విమానంతో సమానమైన వేగంతో దొర్లాలి. విమానం గంటకు 90 కిలోమీటర్ల వేగంతో నేలను తాకిందనుకో. టైరు చుట్టుకొలత సుమారు 1.4 మీటర్లు. లెక్క కట్టు."

వాడు అరుగు కింద మట్టిలో పుల్లతో లెక్క వేశాడు. గంటకు 90 కిలోమీటర్లు అంటే సెకండుకు 25 మీటర్లు. 25ను 1.4తో భాగిస్తే 18కి కాస్త తక్కువ.

"సెకండుకు 18 చుట్లా!" అన్నాడు నోరు తెరిచి.

"అవును. అంతదాకా కదలకుండా ఉన్న చక్రం రెప్పపాటులో అంత వేగం అందుకోవాలి. అందుకునేదాకా టైరు నేలకేసి రాసుకుంటుంది. రన్‌వేమీద నల్లటి చారలుంటాయే, అవి అలా అరిగిపోయిన రబ్బరే. చక్రం ఎంత బరువుగా ఉంటే అంత ఆలస్యంగా వేగం అందుకుంటుంది, టైరు అంత ఎక్కువ అరుగుతుంది.

"మూడో పని, వేడిని ఓర్చుకోవటం. 1,100 కిలోల విమానం సెకండుకు 25 మీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలో ఉండే శక్తి ఎంతో తెలుసా? ఒక లీటరు చన్నీళ్ళను తెర్లేదాకా కాచటానికి అంత శక్తి చాలు. దిగగానే గట్టిగా బ్రేకు వేస్తే ఆ శక్తిలో చాలా భాగం కొద్ది సెకండ్లలో వేడిగా మారి, వెనక రెండు చక్రాల బ్రేకుల్లోకి పోతుంది. బ్రేకును ఆనుకునే ఉన్న రిమ్ముకు ఆ సెగ తగలక తప్పదు. ఇక నాలుగోది, అడ్డగాలి తోపును తట్టుకోవటం. ఇదివరకే చెప్పాను."

"ఇన్ని పనులున్నప్పుడు ఇనుమైతేనే గదా నయం?" అన్నాడు వాడు పట్టు వదలకుండా.

"అయితే తూచి చూద్దాం. ఒక లీటరు నీళ్ళు పట్టే డబ్బా ఉందనుకో. అందులో కరిగిన ఇనుము పోసి గట్టిపడనిస్తే ఆ దిమ్మ 7.8 కిలోలు తూగుతుంది. అదే కొలతకు అల్యూమినియం దిమ్మ 2.7 కిలోలే. మెగ్నీషియం అని మరో లోహం ఉన్నది. దాని దిమ్మ 1.7 కిలోలు మాత్రమే. విమానం గాలిలో ఉన్నంతసేపూ చక్రానికి పని లేదు. అది వట్టి మోత బరువు. గంటల తరబడి ఎగిరే విమానం, క్షణాలపాటు పనికివచ్చే చక్రం కోసం ఇనప దిమ్మలు మోసుకు తిరగటం తెలివైన పని కాదు గదా!"

"మరి సత్తు గిన్నె సొట్ట పడుతుందే?"

"గిన్నె చేసేది పలచని, దాదాపు శుద్ధమైన అల్యూమినియం రేకుతో. అది మెత్తన. దానిలో రాగి, సిలికాన్, మెగ్నీషియం వంటివి తగిన పాళ్ళలో కలిపి, తగిన వేడిలో పదును పెడితే అదే లోహం ఎన్నో రెట్లు బలంగా తయారవుతుంది. పేరు ఒకటే గాని, అమ్మ గిన్నెకూ విమానం చక్రానికీ పోలికే లేదు."

పిల్లలూ, ఇక్కడ మరో సంగతి ఉంది. ఒకే లోహంతో రిమ్మును రెండు రకాలుగా చెయ్యవచ్చు. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చల్లార్చటం ఒకటి. గంటలను పోత పోసేది ఇలాగే. రెండోది, కాల్చిన లోహపు దిమ్మను అచ్చులో పెట్టి పెద్ద మరతో అణిచి ఆకారం తెప్పించటం. కమ్మరి కొడవలిని దాగలి మీద పెట్టి సాగగొట్టినట్టన్నమాట. పోత పోసినప్పుడు లోపల ఎక్కడో చిన్న గాలి బుడగ మిగిలిపోవచ్చు. సాగగొట్టిన లోహంలో అలాటి బుడగలకు తావు తక్కువ. లోపలి పొరలు కూడా ఆకారాన్ని అనుసరించి పరుచుకుంటాయి. అంచేత అది ఎక్కువ దెబ్బలకు ఓర్చుకుంటుంది. కాని దాని ఖరీదు కూడా ఎక్కువే.

మెగ్నీషియం అన్నిటికన్నా తేలిక. కాని దానికి ఉప్పుగాలి పడదు. సముద్రతీరాన ఉండే విమానాశ్రయంలో మెగ్నీషియం రిమ్ము మీద రంగు ఒకచోట గీసుకుపోయిందంటే, అక్కడ లోహం తెల్లని పిండిలాగా రాలిపోవటం మొదలుపెడుతుంది. పైగా మెగ్నీషియం ఒకసారి అంటుకుంటే మహా తీవ్రంగా మండుతుంది, ఆర్పటం కష్టం. అంచేత సముద్రం పక్కనో, తడి గడ్డి మైదానంలోనో ఉండే విమానానికి అల్యూమినియం రిమ్ము మేలు.

అయితే ఇనుముకు అసలు చోటే లేదనుకోకండి. బ్రేకు పట్టుకునే బిళ్ళ, చక్రం తేలికగా తిరగటానికి ఇరుసు దగ్గర ఉండే బేరింగులు, రిమ్మును బిగించే బోల్టులు ఉక్కువే. ఏ లోహం ఏ పనికి తగునో దానికి ఆ పని అప్పగించారు.

బోల్టులంటే జ్ఞాపకం వచ్చింది. సైకిలు టైరును మనం రేకు ముక్కతో ఎత్తి రిమ్ము మీదికి ఎక్కిస్తాం. విమానం టైరు అంచు మహా బిరుసు, రిమ్మేమో చిన్నది. అలా ఎత్తటానికి లొంగదు. అంచేత రిమ్మును రెండు సగాలుగా చేసి, టైరుకు అటునుంచి ఒక సగం, ఇటునుంచి ఒక సగం పెట్టి, బోల్టులతో బిగిస్తారు. టైరులోని గాలి ఆ రెండు సగాలనూ విడదీయాలని ఎప్పుడూ తోస్తూనే ఉంటుంది. గాలి పూర్తిగా తియ్యకుండా ఎవరైనా బోల్టులు విప్పితే ఆ సగాలు గుండు దెబ్బలాగా ఎగిరి వస్తాయి. ఇలాటి రిమ్ముల దగ్గర తొందరపడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. అందుకని ముందు గాలి, తరవాత బోల్టు: ఇది పనివాడు నేర్చుకునే మొదటి పాఠం. తిరిగి బిగించేటప్పుడు కూడా ఎంత బిగించాలో పుస్తకంలో రాసి ఉంటుంది. టార్కు రెంచి అనే పనిముట్టుతో కొలిచి అంతే బిగిస్తారు. వదులైతే సగాలు రెండూ ఒరుసుకుని బీటలిస్తాయి. మితిమీరి బిగిస్తే బోల్టు సాగి తెగుతుంది.

"ఇంతకూ రిమ్ము ఎలా చెడిపోతుంది? గట్టిగా దిగితే పగిలిపోతుందా?" అని అడిగాడు కుర్రవాడు.

"అలా పగలటం ఎప్పుడో గాని జరగదు," అంటూ పెరట్లోంచి ఒక తీగముక్క తెచ్చి వాడికిచ్చాను. "దీన్ని లాగి తెంపు."

వాడు ఎంత లాగినా తెగలేదు.

"ఇప్పుడు ఒకే చోట అటూ ఇటూ వంచుతూ ఉండు."

పదిహేను, ఇరవై సార్లు వంచేసరికి తీగ పుటుక్కున తెగింది. వాడు తెల్లబోయాడు.

"చూశావా! పెద్ద బలానికి లొంగనిది, మళ్ళీ మళ్ళీ పడే చిన్న బలానికి లొంగింది. దీన్ని లోహపు అలసట అంటారు. చక్రం ఒక్కొక్క చుట్టు తిరిగినప్పుడల్లా రిమ్ములో ప్రతి భాగం మీదికీ బరువు వస్తుంది, పోతుంది. విమానం నేలమీద రెండు కిలోమీటర్లు దొర్లితే సుమారు 1,400 చుట్లు. నేర్చుకునేవాళ్ళు రోజుకు పదిసార్లు ఎక్కి దిగారనుకో, 14,000 చుట్లు! ఎక్కడో బోల్టు కన్నం దగ్గరో, మూల మలుపులోనో, తుప్పు తిన్న గుంటలోనో వెంట్రుకంత బీట మొదలవుతుంది. అది నెమ్మదిగా పెరుగుతుంది.

"ఈ ఒక్క విషయంలో మాత్రం నీ ఇనుముకే మార్కులు ఎక్కువ. ఉక్కు మీద పడే ఒత్తిడి ఒక హద్దు దాటకపోతే, శుభ్రంగా ఉన్నంతకాలం దానికి అలసట రాదు. అల్యూమినియానికి అలాటి హద్దు లేదు. చిన్న చిన్న ఒత్తిళ్ళను కూడా అది మరిచిపోకుండా లెక్క పెట్టుకుంటూనే ఉంటుంది. అంచేత తేలికగా ఉండే రిమ్మును ఎంచుకున్నవాడు, దాన్ని మళ్ళీ మళ్ళీ పరీక్ష చేసే పనిని కూడా ఎంచుకున్నట్టే."

మరి వెంట్రుకంత బీటను కనుక్కోవటం ఎలా? ముందు రిమ్మును కడిగి, అనుమానం ఉన్నచోట రంగు గీకేస్తారు. ఎందుచేతనంటే, రంగు లోహాన్ని కాపాడే మాట నిజమే గాని, బీటను కూడా అదే దాస్తుంది. తరవాత ఒక ఎర్రని ద్రవం పూసి కాసేపు ఉంచుతారు. బీట ఉంటే ద్రవం అందులోకి ఇంకుతుంది. పైన శుభ్రంగా తుడిచి, తెల్లని పొడి పరుస్తారు. బీటలోని ఎరుపు ఆ పొడిలోకి ఊరి, సన్నని గీతగా బయట పడుతుంది. బీట కనిపించిన రిమ్మును విమానానికి మళ్ళీ తగిలించరు.

మీరూ దీన్ని చూడవచ్చు. నెర్రె పడిన పింగాణీ సాసరు మీద సిరా పూసి, తడిగుడ్డతో తుడవండి. సాసరు తెల్లబడుతుంది; నెర్రె మాత్రం సిరా గీతగా నిలుస్తుంది. మేము అరుగు మీద ఇదే చేశాము. వాడికి ముచ్చట వేసింది.

"ఇది ఇనుము మీద కూడా పనిచేస్తుందా?" అని అడిగాడు.

"చేస్తుంది. నీ సైకిలు ఇటు తీసుకురా, చూద్దాం," అన్నాను.

వాడు కదల్లేదు. తల వంచుకున్నాడు. అప్పుడు నేను సైకిలును సరిగా చూశాను. వెనక చక్రం రిమ్ము అంతా పాతబడి మాసి ఉంది. ఒక్కచోట మాత్రం, స్పోకు దూరే కన్నం దగ్గర, వెండిరంగు కొత్తగా తళతళలాడుతున్నది.

"పోయిన వారం గోతిలో పడింది, మామయ్యా," అన్నాడు నెమ్మదిగా. "అక్కడ చిన్న గీత పడింది. నాన్న కోప్పడతాడని రంగు వేశాను. ఇనుమే గదా, పగలదనుకున్నాను."

వాడు పొద్దున్నే అడగవచ్చిన ప్రశ్న అసలు ఇదే కాబోలు! ఆ సైకిలు వెనక కూర్చుని రోజూ బడికి వెళ్ళేది వాడి చెల్లెలు. రెండో తరగతి చదువుతున్నది.

నేను కోప్పడలేదు. వాడికి ఒక నిజమైన కథ చెప్పాను.

1958 డిసెంబరు 4న అమెరికాలోని లాస్ వేగాస్ నుంచి రాబర్ట్ టిమ్, జాన్ కుక్ అనే ఇద్దరు ఒక సెస్నా 172లో పైకి లేచారు. దిగకుండా ఎన్నాళ్ళు ఎగరగలరో చూడాలని వాళ్ళ పట్టుదల. నేలమీద లారీ పరుగెత్తుతుంటే, దాని పైగా తక్కువ ఎత్తులో ఎగురుతూ గొట్టంతో పెట్రోలు ఎక్కించుకున్నారు. వాళ్ళు 1959 ఫిబ్రవరి 7న దిగారు. మొత్తం 64 రోజుల 22 గంటలకు పైగా గాలిలోనే ఉన్నారు! మధ్యలో ఎక్కడా రహస్యంగా దిగలేదని రుజువేమిటి? బయలుదేరగానే విమానం నేలకు దగ్గరగా ఎగురుతుంటే, కింద పరుగెత్తే కారులోంచి దాని చక్రాలకు తెల్ల రంగు పూశారు. చక్రం నేలను ఒక్కసారి తాకినా ఆ రంగు చెదిరిపోతుంది. చివరిదాకా రంగు చెదరలేదు.

"రంగు వాళ్ళూ వేశారు, నువ్వూ వేశావు," అన్నాను. "వాళ్ళ రంగు నిజాన్ని చూపించటానికి వేసింది."

వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత లేచి, సైకిలు ఎక్కకుండా, నడిపించుకుంటూ ఇంటికి వెళ్ళాడు. సాయంత్రం వాళ్ళ నాన్నే వచ్చి, "రిమ్ము మార్పించాము. పాత రిమ్ము విప్పి చూస్తే ఆ గీత కన్నం దాటి అంగుళం దాకా పాకింది," అన్నాడు. కొడుకును కోప్పడ్డాడో లేదో నేను అడగలేదు. మర్నాడు పొద్దున అన్నా చెల్లెలూ కొత్త రిమ్ము మీద బడికి వెళుతూ నాకు చెయ్యి ఊపారు.

పిల్లలూ! చిన్న విమానానికి మంచి రిమ్మును ఎంచుకునేవాడు ఏం చూడాలో ఇప్పుడు మీరే చెప్పగలరు. అది ఆ విమానానికి తగినదని తయారుచేసినవారూ, ప్రభుత్వమూ ఒప్పుకున్నదై ఉండాలి. చూడటానికి సరిపోయింది గదా అని ఏదో ఒకటి తగిలించకూడదు. విమానం బరువుకు చాలాలి. దాని టైరుకూ, బ్రేకుకూ కుదరాలి. విమానం ఉండే చోటి గాలికీ నీటికీ తట్టుకోవాలి. ఇన్ని చూసి కొన్నా, దాన్ని విప్పి, కడిగి, కళ్ళతో చూసే మనిషి ఉండాలి. ఎన్నటికీ పగలని చక్రం అంటూ లేదు. బీట చిన్నదిగా ఉన్నప్పుడే కనిపెట్టి మార్చే మనిషి ఉంటేనే ఏ చక్రమైనా మన్నికైనది.

వచ్చే నెల దాకా ఆలోచించటానికి ఒక ప్రశ్న: విమానం నేలను తాకకముందే చిన్న మోటారు పెట్టి చక్రాలను తిప్పితే టైరు అరగదు గదా! మరి అలా ఎందుకు చెయ్యరు? మీ జవాబులు రాసి పంపండి. ఆలోచించేటప్పుడు ఇనప దిమ్మ బరువును జ్ఞాపకం పెట్టుకోండి!